ఏడుపులక్క ఏడవని చావు

ఆ రేవుపట్నంలో ఏడుపులక్క నోరు తెరిస్తేనే చావు చావుకింద లెక్క. శవం పక్కన ఆమె జుట్టు విప్పుకుని మొదటి రాగం తీసేదాకా కన్నకొడుకైనా గొంతెత్తకూడదు. పిల్లికి బిచ్చం పెట్టని వర్తకుల్ని కూడా ధర్మప్రభువులంటూ ఏడ్చింది మహాతల్లి. పొట్టకూటి విద్య, ఏం చేస్తుంది!

సొంత మొగుడికి మాత్రం ఏడవలేకపోయింది. అతను ఓడల షావుకారు దగ్గర తెడ్డు వేసేవాడు. నలభైమందితో వెళ్లిన ఓడ తిరిగి రాలేదు, విరిగిన తెడ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. చేతులు బొబ్బలెక్కుతున్నాయంటే తాను చుట్టిచ్చిన గుడ్డ ఒక తెడ్డుకు ఇంకా అలాగే ఉంది. దాన్ని పట్టుకుని షావుకారు గుమ్మం ముందు జుట్టుముడి మీద చెయ్యి వేసింది.

"ఆగాగు! ఓడ మునగలేదక్కా, ఆలస్యమైందంతే. వస్తుందిలే," అన్నాడు షావుకారు. "నువ్వు ఏడిచావంటే మునిగిందనే అందరూ నమ్ముతారు. రేపు నా ఓడలో సరుకెవడు వేస్తాడు?"

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య! ఆమె నమ్మలేదు. కానీ ఆయన్ని కాదంటే ఊళ్లో ఏ చావుకీ పిలవరు. నోరు మూసుకుంది. పదకొండేళ్లు ఊరందరికీ ఏడుస్తూ, ఇంట్లో ఆ తెడ్డుముక్క చూస్తూ కుమిలిపోయింది.

ఒకరోజు ఎవరో ప్రవక్త వచ్చి, సంత నడుమ నిలబడి, బతికున్న ఊరికే చావుపాట ఎత్తుకున్నాడు. మేడలన్నీ కూలి బోడిబండ మిగులుతుందనీ, దానిమీద వలలు ఆరేస్తారనీ పాడాడు.

"ఈ తాటాకు చప్పుళ్లకి బెదిరేదెవడ్రా?" అని వర్తకులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

శ్రుతి లేదని ఏడుపులక్క కూడా మూతి తిప్పింది. కానీ అతను మేడలయ్యాక మనుషుల్లోకి వచ్చాడు. మీ తెడ్లు వేసినవాళ్లు సముద్రం అడుగున ఉన్నారు, వాళ్లకోసం ఏడ్చినవాళ్లేరీ అని అడిగాడు. ఆ ఊళ్లో ఆ మాట నోటితో అన్నవాడు అతనొక్కడే. ఆమె అక్కడే కూలబడింది.

పైదేశాల కొనుగోలుదార్లు గుసగుసలాడటం చూసి షావుకారు పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఇది దొంగ ఏడుపని అందరికీ వినపడేలా చెప్పు. నీ మాటంటే మాటే."

"చెప్తానయ్యా," అని లేచి, జుట్టు విప్పుకుంది.

జన్మలో మొదటిసారి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. తరవాత మిగతా ముప్పైతొమ్మిది మందినీ. పదకొండేళ్లుగా ఓడ కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్లు సంతలో ఒక్కో మూలనుంచి గొంతు కలిపారు. ఆ సాయంత్రమే సగం ఓడలు సరుకు ఎత్తకుండా వెళ్లిపోయాయి.

మళ్లీ ఆమెను ఏ చావుకీ పిలవలేదు. వలలు బాగుచేసి బతికింది.

తొమ్మిదేళ్లకు శత్రువులొచ్చి గోడలు కూల్చి, మేడలు తగలబెట్టి పోయారు. రేవు దగ్గర బండమీద ఆమె వలలు ఆరేస్తుంటే షావుకారు కర్ర పట్టుకుని వచ్చాడు. ఒంటిమీద చిరిగిన పట్టుచొక్కా, మూడు రోజులుగా తిండి లేని మొహం.

"ఇంత ఊరు పోయింది, ఏడిచే దిక్కు లేదు. నీకు దండం పెడతానక్కా, ఒక్కసారి నోరు తెరువు."

ఏడుపులక్క వల మడత విప్పి బండమీద పరిచింది.

"ఎక్కడ పోయిందయ్యా? ఆలస్యమైందంతే," అంది. "వస్తుందిలే, కూచో."