ఆటో దాకా వచ్చిన డాక్టరు గారు

ఆకివీడులో కిక్కిరిసిన ఆసుపత్రి వదిలి, డాక్టరు గారు స్వయంగా నేను కూర్చున్న ఆటో దగ్గరికొచ్చి వైద్యం చేశారంటే నమ్ముతారా? నా పలుకుబడి అలాంటిది మరి!

కిందటేడు, అరవై ఎనిమిదేళ్ల వయసులో నాకు ఆటలమ్మ పోసింది. చిన్నపిల్లల జబ్బు నన్నెలా వెతుక్కుంటూ వచ్చిందా అని అద్దంలో పొక్కులు చూసుకుని తెగ ఆశ్చర్యపోయాను. అమ్మవారికి మందులు వాడకూడదంటూ మా ఆవిడ గుమ్మానికి వేపమండలు కట్టింది. ఆయాసం మొదలయ్యేసరికి తనే హడలిపోయి ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్న గర్భిణి, "ఏంటండీ తాతగారూ ఆ పొక్కులు?" అనడిగింది. నలుగురిలో నామోషీ అనిపించి, "చేపల చెరువు దగ్గర దోమలమ్మా" అనేశాను.

అంతలో నర్సు చూసి, "ఆటలమ్మతో వచ్చి, కడుపుతో ఉన్నావిడ పక్కన కూర్చుంటారా?" అని కేకేసింది. ఆ అమ్మాయికి చిన్నప్పుడు రాకపోయుంటే, ఇప్పుడు తల్లికీ బిడ్డకీ ప్రమాదమట! డాక్టరు గారు వెంటనే వాళ్లమ్మకు ఫోన్ చేయించారు.

"రెండో తరగతిలోనే పోసిందండీ" అంది వాళ్లమ్మ ఫోన్లో. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

"ఈ వయసులో మొదటి రోజే రావాలండీ, అదీ ముందు ఫోన్ చేసి" అంటూ డాక్టరు గారు ఆటో దగ్గరే పరీక్షించి మాత్రలు రాశారు. పలుకుబడీ లేదు, పాడూ లేదు. నన్ను మళ్లీ లోపలికి రానివ్వకూడదనే ఆయన బయటికొచ్చారు. జబ్బు దాస్తే పక్కవాళ్లకీ ముప్పేనని ఆ రోజే తెలిసింది. అందుకే ఆయన బయటికి రాకముందే తప్పు గ్రహించి, నేనే లేచి హుందాగా బయటికి నడిచాను.

ఇది చదివి మా ఆవిడ అంది: "మీరెక్కడ లేచారండీ? కుర్చీలో బిగుసుకుపోతే, నర్సూ నేనూ చెరో రెక్కా పట్టుకుని లాక్కొచ్చాం."