తూతీ వైపు గాలి

సిత్తన పోసే అట్టు ఎప్పుడూ ఒక పక్క మందం, ఇంకో పక్క పల్చన. ఈ సంగతి నది గట్టునున్న మా అబూరోఫ్ వాడలో అందరికీ తెలుసు. ముఖం మీద అనగలిగింది మాత్రం ఒక్క తోమాయే. తోమా ఆమె చెల్లెలు, నది నడుమ తూతీ లంకలో కాపురం. మా గట్టు మీద నిలబడితే ఆ లంకలో నిమ్మచెట్లు కనిపిస్తాయి, గాలి నిలిచినప్పుడు గాడిదల ఓండ్ర కూడా వినిపిస్తుంది. అంత దగ్గర.

నేను సిత్తనకి గోడ అవతలి మనిషిని. నా పేరు అరఫా. ఆమె గురించి చెప్పమంటే గొప్పలు చెప్పలేను, ఎందుకంటే పెద్దగా లేవు. గట్టు మీద చేపలు వేయించి అమ్మేది. బేరం కుదరకపోతే కొనేవాణ్ణి నాలుగు తరాల దాకా తిట్టేది. పిల్లలు కలగలేదు. తల్లి పోయేనాటికి తోమాకి ఇంకా పాలపళ్ళు ఊడలేదు, అందుకని చెల్లెల్ని చంకనేసుకుని తనే పెంచింది. తోమాని తూతీకి ఇచ్చి పడవ ఎక్కించిన రోజు చేపలమ్మలేదు. ఆమె బేరం మానుకున్న రోజులు నాకు తెలిసి చాలా తక్కువ.

ఏటా ఉపవాసాల నెల ముందు తోమా పడవెక్కి వచ్చేది. అక్కాచెల్లెళ్ళు కలిసి హిలూముర్ చేసేవారు. పేరుకి అర్థం తీపిచేదు, రుచీ అంతే. జొన్నలు నానబెట్టి, తడి గోనెపట్టాల మీద పరిచి మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తారు. ఆ పిండిలో శొంఠి, యాలకులు, నల్ల జీలకర్ర వేసి పులియబెడతారు. పెనం మీద పల్చగా పోస్తే ఎర్రటి అట్టు వస్తుంది. ఉపవాసం విడిచే వేళ దాన్ని నీళ్ళలో నానబెట్టి, వడకట్టి, పంచదార వేసుకుని తాగితే పొద్దంతా ఎండిన గొంతుకి ప్రాణం లేచొస్తుంది. రుచి సంగతి అలా ఉంచండి, దాని వాసనే వాసన. ఒకింట్లో పెనం పెడితే మూడు వీధుల అవతల ముసలాళ్ళు మంచం మీద లేచి కూర్చుంటారు.

సిత్తన చేతి అట్టు సమంగా రాదని తోమాయే పోసేది, సిత్తన తీసేది. తియ్యడం పెద్ద విద్య కాదు, కళ్ళు పెనం మీద ఉంటే చాలు. కానీ సిత్తన కళ్ళు ఎప్పుడూ వీధి మీదే. దారినపోయే ఆడదాన్ని పిలిచి కోడలి సంగతి అడుగుతుంది, ఈలోగా అట్టు మాడుతుంది. "నోరు కట్టేసుకుని కూర్చోవే అక్కా, పిండి ఊరికే వచ్చిందా!" అని తోమా అట్లకాడతో కొట్టబోయేది. ఆ అరుపులు వినడానికే నేను నా పీట ఎత్తుకుని వాళ్ళింటికి వెళ్ళేదాన్ని.

తర్వాత యుద్ధం వచ్చింది. యుద్ధమంటే ఎక్కడో సరిహద్దుల్లో జరిగేదని అనుకునేవాళ్ళం, ఇది మా కూరల అంగడిలో మొదలైంది. సైన్యం ఈ పక్క, ఆ సైన్యమే పెంచి మేపిన దళం ఆ పక్క. ఇద్దరూ ఒకే భాషలో తిట్టుకుంటారు, కాల్చేముందు ఒకే దేవుణ్ణి తలుచుకుంటారు. దారిలో ఆపితే ముందు ఫోను లాక్కుంటారు. అందులో ఎవరి ఫొటో ఉందో చూసి నువ్వెవరి మనిషివో వాళ్ళే తేలుస్తారు. పెళ్ళిలో పక్కపక్కన కూర్చున్న బంధువులు ఫొటోలు చెరిపేసుకున్నారు. తూతీకి ఉన్నది ఒక్కటే వంతెన, దాన్ని దళంవాళ్ళు పట్టుకున్నారు. పడవ కదిలితే ఏదో ఒక గట్టు నుంచి కాల్పులు. కొన్నాళ్ళకి ఫోన్లూ మూగబోయాయి. తోమా గొంతుతో వచ్చిన సందేశం సిత్తన ఫోనులో ఒకటే మిగిలింది: "అక్కా, నిమ్మకాయలు కోయించాను, వచ్చేటప్పుడు తెస్తా." ఛార్జింగు దొరికినప్పుడల్లా అదే వినేది. నిమ్మకాయల గురించి అంతగా ఏడ్చిన మనిషిని నేను చూడలేదు.

మళ్ళీ ఉపవాసాల నెల దగ్గరపడింది. ఒకరోజు చూద్దును కదా, సిత్తన వాకిట్లో గోనెపట్టాలు పరిచి జొన్నలు మొలకెత్తిస్తోంది! నాకు ఒళ్ళు మండింది. నీళ్ళు గాడిదబండి మీద వస్తున్నాయి, అవీ బురద. ఉన్న జొన్న రొట్టెకే చాలడం లేదు.

"నీకు మతిగానీ పోయిందా? వాడంతా ఖాళీ. ఎవరు తాగుతారే దీన్ని?" అన్నాను.

"తాగడానికి కాదులేవే."

"మరి చూసుకోవడానికా?"

"వాసనకి. ఉత్తరపు గాలి తిరిగింది, చూశావా? ఇక్కడ పెనం పెడితే తిన్నగా తూతీకే పోతుంది. తోమా వాసన పట్టేస్తుంది. మా అక్క బతికే ఉందని తెలుసుకుంటుంది."

"మరి అది బతికుందో లేదో నీకెలా తెలుస్తుందే?"

సిత్తన మొలకల మీద నీళ్ళు చిలకరిస్తూ, "నాకు తెలియకపోతే పోనీ. దానికి తెలిస్తే చాలు. నాకోసం ఏడుస్తూ కూర్చుంటుందే అరఫా, చిన్నప్పటి నుంచీ దానికి ఏడుపెక్కువ" అంది.

మర్నాటి నుంచి నా వాటా నీళ్ళలో ఒక చెంబు ఆ మొలకలకే పోశాను, సణుక్కుంటూనే.

గాలి బాగా ఉన్న ఒక ఉదయం గట్టు మీద రాళ్ళు పేర్చి పొయ్యి పెట్టాం. ఈసారి నేను పోశాను, సిత్తన తీసింది. తొలి అట్టు ఎర్రగా లేచింది. పొగ వంగి, నీళ్ళ మీదుగా లంక వైపు సాగింది. సిత్తన మోకాళ్ళ మీద లేచి, "పో తల్లీ, పో" అని పొగని సాగనంపింది. ఎన్నాళ్ళకో ఆమె ముఖం విచ్చుకుంది.

రెండో అట్టు పెనం మీద ఉండగా గట్టు కాపలా కాసే సైన్యం సార్జెంటు పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దమ్మా, మంట ఆర్పు! పైన డ్రోన్ తిరుగుతోంది."

"తిరగనీ. దానికి ముక్కుందా?"

"కళ్ళున్నాయి."

"కళ్ళుంటే చూసుకోనీ, ముసలిది అట్లు పోసుకుంటోందని."

"నువ్వు సరదాగా అంటావు. అది పొగ చూసి బాంబు వేస్తుంది, నీతోపాటు మేమూ పోతాం."

"మీరు పోతే నేనెందుకురా ఏడవాలి? నా ఇంటి తలుపు ఊడదీసి టీ కాచుకుంది మీ వాళ్ళు కాదూ?"

తలుపు సంగతి మొదలైతే సిత్తన ఆగదు. మంచం సంగతి వచ్చింది, ఇత్తడి పళ్ళెం సంగతి వచ్చింది. ఇద్దరూ అరుచుకుంటున్నారు, నేను మధ్యలో సర్దిచెబుతున్నాను, పెనం వైపు ఎవరూ చూడలేదు. అట్టు బొగ్గయింది. నల్లటి పొగ గుప్పున లేచి, అదే గాలిలో, అదే దారిలో తూతీకి పోయింది. సార్జెంటు బూటుతో పొయ్యి తన్నాడు. పిండి మట్టిపాలైంది.

సిత్తన అక్కడే కూలబడింది. ఏడుపు పిండి కోసం కాదు.

"మాడు వాసన పోయిందే అరఫా. మా గట్టంతా తగలబడిపోయిందనుకుంటుంది. నేను కాలిపోయాననుకుంటుంది. బతికున్నానని చెప్పబోయి చచ్చానని చెప్పానే!"

ఆ దిగులు ఆమెని పట్టుకుని వదల్లేదు. పొద్దున్నే గట్టు మీదికి పోయి, లంకకి ఎదురుగా నిలబడి తలమీది బట్ట తీసి ఊపేది. అంత దూరం నుంచి ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? కాపలావాళ్ళు తరిమితే ఇంటికొచ్చేది, మళ్ళీ పోయేది. అన్నం ముందు కూర్చుని, "ఈపాటికి నా చావు భోజనాలు పెట్టేసి ఉంటుంది" అనేది. ఓదారుద్దామంటే నాకూ అదే భయం.

వానలు పడే రోజుల్లో లంక నుంచి కొంతమందిని వదిలారు. దళంవాళ్ళకి చేతిగాజుల దాకా ఇచ్చుకుని, చుట్టూ తిరిగి మా వైపు చేరారు. వాళ్ళలో బతూల్ అనే మనిషి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తోమాకి పక్కింటామె. గుమ్మంలో నిలబడి సిత్తనని ఎగాదిగా చూసి, "అట్లు మాడ్చే అక్కవి నువ్వేనా?" అంది.

సిత్తన ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. నేనే అడిగాను, "తోమా ఉందా?"

"నేను బయల్దేరేటప్పుడు ఉంది. దాని అత్త నడవలేని మనిషి కదా, ముసలిదాన్ని వదిలి రానంది. నన్ను మాత్రం పొమ్మంది."

బతూల్ మంచం మీద కూర్చుని నీళ్ళు తాగి చెప్పింది. ఆ రోజు వాళ్ళిద్దరూ నిమ్మచెట్ల కింద ఆకుకూర ఏరుకుంటున్నారట. ముందు ఘుమఘుమలాడే వాసన వచ్చిందట. తోమా చేతిలో కూర అలాగే పట్టుకుని నిలబడిపోయిందట. కాసేపటికి మాడు వాసన వచ్చింది.

"నేను భయపడ్డాను, అయ్యో, అక్కడేదో తగలబడిందని. ఇదేమో పొట్ట పట్టుకుని నవ్వు! నవ్వుతూనే ఏడుపు. 'మా అక్కే! ఎవరితోనో మాటల్లో పడింది! పిండి ఊరికే వచ్చిందా దీనికి!' అని నది వైపు తిరిగి ఒకటే తిట్లు. మంచి వాసనకి నమ్మలేదమ్మా అది. ఎవరైనా చేసుకుంటారు కదా అంది. మాడాకే నమ్మింది."

పైటచెంగు ముడి విప్పి ఎండిపోయిన నిమ్మకాయలు సిత్తన ఒళ్ళో పోసింది. సిత్తన వాటిని వాసన చూసింది, లెక్కలేనన్నిసార్లు చూసింది. ఆ సాయంత్రం గిన్నె పట్టుకుని నా కంటే ఎక్కువ తిన్నది.

ఆ తర్వాత లంకలో జ్వరాలు ప్రబలాయని విన్నాం. మందుల్లేవని, రోజూ గోతులు తవ్వుతున్నారని ఎవరో చెప్పారు. ఎవరు పోయారో, ఎవరున్నారో చెప్పేవాళ్ళు ఎవరూ రాలేదు. వంతెన ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంది.

ఈ ఏడు ఉత్తరపు గాలి తిరగ్గానే మళ్ళీ జొన్న మొలకెత్తించాం. పిండి గిన్నెడే అయింది. సార్జెంటు మారాడు, కొత్తవాడు చూసీ చూడనట్టు పక్కకి తిరిగాడు. సిత్తన ఈసారి తనే తొలి అట్టు పోసింది, ఒక పక్క మందం, ఇంకో పక్క పల్చన. అది ఎర్రబడింది. నేను తీయబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఉండవే, తియ్యకు."

"మాడుతుందే!"

"మాడాలి. ఏదో ఒకటి మాట్లాడు నాతో."

ఏం మాట్లాడను? ఆఖరికి ఊడదీసిన తలుపు సంగతి ఎత్తాను. సిత్తన అందుకుంది, చేతులు తిప్పుతూ మొదటి నుంచీ చెప్పింది. కళ్ళు మాత్రం వీధి మీద లేవు, నిమ్మచెట్ల మీద ఉన్నాయి. అట్టు నల్లబడి, పొగ లేచి, నీళ్ళ మీదుగా పోయింది. అప్పుడు మాట ఆపి, చెవి అటు ఒగ్గి చాలాసేపు కూర్చుంది, అవతలి నుంచి తిట్లు వినబడతాయేమోనని.