మాజోండి కుక్కకు పెట్టిన పేరు

మాజోండిది నోరు కాదు, కత్తి. దక్షిణాఫ్రికాలో మా ఎడెండేల్ కొండ మీద అందరికీ తెలిసిన సంగతే అది. అయినా పొరుగామెను ఆమె ఏనాడూ ఎదురుగా తిట్టలేదు. మా వైపు అలా తిట్టుకోం. కంచె అవతలి మనిషిని అనాలంటే కుక్కకు ఒక పేరు పెడతాం, పొద్దునా సాయంత్రం గొంతెత్తి పిలుస్తాం. వినవలసినవాళ్ళు వింటారు. ఉక్రోషం పట్టలేక వాళ్ళు బయటికొస్తే, "నా కుక్కని నేను పిలుచుకుంటే నీకెందుకమ్మా ఉలుకు?" అని అడగొచ్చు.

భర్త చనిపోయిన ఏడాది ఆమె ఒక కుక్కపిల్లను తెచ్చుకుని ఉయోఖాల అని పేరు పెట్టింది. 'ఏడుస్తావులే ఒకనాడు' అని దాని అర్థం. అది పక్కింటి మాంబాతా కోసం పెట్టిన పేరు. శవం ఇంకా ఇంట్లో ఉండగానే ఆ మాంబాతా క్యాబేజీ తరుగుతూ పదిమంది ఆడవాళ్ళలో అంది: "మొగుడు చెయ్యి జారిపోకుండా మందు పెట్టింది. పాపం, మోతాదు ఎక్కువైపోయింది." అంతవరకూ ఆ ఇద్దరూ ఒకరి చంటిబిడ్డను ఒకరు వీపున కట్టుకు తిరిగినవాళ్ళు. మాజోండి బిడ్డ బతకలేదు, అది వేరే కథ. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. కుక్క పేరొక్కటే కంచె దాటి వెళ్ళేది.

పేరైతే పగతో పెట్టింది గానీ కుక్క మీద పగ ఎక్కడ నిలుస్తుంది? టాక్సీల అడ్డాలో మొక్కజొన్న కండెలు కాల్చి అమ్ముకుని, పొగకంపు కొడుతూ ఇల్లు చేరే మనిషికి గేటు దగ్గర ఎదురుచూసే ప్రాణం అదొక్కటే. తన పేరొక తిట్టు అని దానికేం తెలుసు? పిలిస్తే చాలు, ఒళ్ళంతా ఊపుకుంటూ వచ్చేది. చలికాలం ఆమె పాదాల మీదే పడుకునేది.

మాంబాతాకు ఒక్కగానొక్క కూతురు ఫికిలె. ఒక సోమవారం ఆసుపత్రిలో కాన్పు కష్టమై చనిపోయింది.

చావింటి ఆనవాయితీగా గదిలో సామానంతా తీసేసి నేల మీద పరుపు వేశారు. మాంబాతా దుప్పటి కప్పుకుని దాని మీద కూర్చుంది. ఊరి ఆడవాళ్ళందరూ వచ్చి చుట్టూ చాపల మీద కూర్చుని ప్రార్థనలు చేస్తున్నారు. మాజోండి మాత్రం వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళుతుంది? అది చాలదన్నట్టు కుక్క కంచె దూరి ఆ పెరట్లోకే పోయింది. వంటల దగ్గర తిరుగుతుంటే, "ఉయోఖాలా! పో అవతలికి, ఉయోఖాలా!" అని ఎవరో అరిచారు. చావింట్లో ఆ మాట! వంటల దగ్గరివాళ్ళంతా తిరిగి కంచె వైపు చూశారు. ఇవతల మాజోండికి చచ్చినంత పనైంది.

నీళ్ళ కుళాయి దగ్గర ఒకావిడ అనేసింది కూడా. "అన్నంత పనీ చేసింది నీ నాలుక. ఇన్నేళ్ళు పిలిచి పిలిచి రప్పించావు కదే తల్లీ చావుని!"

కుక్కకు పేరు మార్చి చూసింది. డేంజర్ అని పిలిస్తే అది తల కూడా తిప్పలేదు. దాన్ని పెట్టుకోమని తన అన్నను అడిగితే, "ఆ పేరున్న కుక్క నా గడప తొక్కడానికి వీల్లేదు" అన్నాడు. శుక్రవారం సాయంత్రం జాగరణ, శనివారం ఖననం. ఈ కుక్కను ఇంట్లో ఉంచుకుని ఆ పరుపు పక్కన కూర్చోలేను, ముందు దీన్ని వదిలేస్తే ఆ ఇంటికి వెళ్ళే మొహం వస్తుంది అనుకుంది మాజోండి. శుక్రవారం పొద్దున్నే దాని మెడకు తాడు కట్టింది.

పట్నంలో దిక్కులేని జంతువులను ఉంచే చోట గేటు దగ్గరున్న అమ్మాయి కుక్క పళ్ళు చూసింది. "పెద్దదైపోయిందమ్మా. పెద్దవాటిని ఎవరూ తీసుకెళ్ళరు. కొన్నాళ్ళు చూస్తాం, ఎవరూ రాకపోతే సూదేసి చంపెయ్యడమే."

"సరే."

"పేరేంటి?"

మాజోండి తాడు ముందుకు చాపింది. "పేరు లేదు."

"ఇన్నేళ్ళూ పేరు పెట్టకుండానే పెంచావా?" ఆ అమ్మాయి నమ్మలేదు గానీ తాడు అందుకుంది. "రా నాన్నా, రా" అంది. అది కదల్లేదు. నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి మాజోండి వైపే చూసింది. పేరు పెట్టి పిలిచి ఒక్కసారి చెబితే లేచి వెళ్ళేదే. ఆమె చెప్పలేదు. దాన్ని ఈడ్చుకుపోయారు. టాక్సీలో మాజోండి దారి పొడుగునా ముక్కు చీదుతూనే ఉంది, పక్కనున్నవాళ్ళు ఏమనుకుంటే ఏమని.

సాయంత్రం తలకు గుడ్డ కట్టుకుని, భుజాల మీద శాలువా కప్పుకుని కంచె అవతలికి వెళ్ళింది. పరుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అక్కా, దాన్ని వదిలేసి వచ్చా. ఇక ఆ పేరు నీ చెవిన పడదు."

మాంబాతా తలెత్తింది. ఏడ్చి ఏడ్చి ముఖమంతా ఉబ్బిపోయి ఉంది.

"ఎవరిని?"

"కుక్కని."

"కుక్క నన్నేం చేసిందే?" మాంబాతా మెల్లగానే అంది, అయినా గదిలో అందరికీ వినిపించింది. "నా పిల్ల పోయిన దగ్గర్నుంచి అదైనా వచ్చి నా గుమ్మంలో పడుకుంది. కంచె పక్కనే ఉండి నువ్వు రాలేదు. ఆ పేరు పెట్టింది కుక్కా, నువ్వా?"

క్షమించమనడానికి మాజోండి నోరు తెరిచింది. ఇంతలో ఎవరో పాట ఎత్తుకున్నారు. చాపల మీద ఆడవాళ్ళెవరూ జరిగి చోటివ్వలేదు. ఆమె లేచి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది, పాట అయిపోయేదాకా.