కడుపు నిండిన మాట

సియోల్‌లో నోర్యాంగ్‌జిన్ వీధి పొడుగునా కోచింగ్ సెంటర్లే. అక్కడ ప్రభుత్వోద్యోగాల పరీక్షలకు ఇంగ్లీషు మాటలు నేర్పే మాస్టారు చే గ్యూహో. ఆరుసార్లు పరీక్ష తప్పినవాడు మనల్ని గట్టెక్కిస్తాడట అని వెనక నవ్వుకునేవారు నవ్వుకున్నారు గాని, ఆయన చెప్పిన మాట ఎవరూ మరిచిపోరు. ప్రతి మాటకూ పుట్టుక చెప్పందే వదలడు.

ఒక్క మాటను మాత్రం ఏడాదిగా దాటేస్తూ వచ్చాడు. అది 'శాడ్'. దుఃఖంలో ఉన్నవాళ్లను అంటారని పసిపిల్లలకూ తెలుసు. ఆ రోజు ఒకమ్మాయి పట్టుబట్టి అడిగేసరికి చెప్పక తప్పలేదు. వెయ్యేళ్ల కిందట ఆ మాటకు కడుపు నిండినవాడని అర్థం. నిండిన కడుపు బరువు, బరువైతే అలసట, చివరికి ఆ బరువు మనసుకెక్కింది. క్లాసు క్లాసంతా నవ్వింది. గ్యూహో బోర్డు తుడిచేసి ఊరి బస్సెక్కాడు. ఆ సాయంత్రం తల్లి మొదటి సంవత్సరీకం.

ఆవిడ రోజూ ఫోన్ చేసి తిన్నావా అని అడిగేది. తిన్నానమ్మా, నువ్వో అనేవాడు. "నాకేంరా, కడుపు నిండా తిన్నా" అనేది. వినీ వినకుండానే పెట్టేసేవాడు. చివరి ఐదు నెలలూ ఆవిడకు గంజి కూడా గొంతు దిగలేదని పిన్ని చెబితేగాని తెలియలేదు. అప్పటికే డాక్టర్లు చేతులెత్తేశారు. కొడుకు పాఠాలు పాడవుతాయని ఆవిడే చెప్పనివ్వలేదట. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ అమ్మ అడక్కుండానే పెట్టింది. అడగాల్సినట్టు అడగనిది కొడుకే.

ఊళ్లో ఇంటి గదిలో అమ్మ పేరిట చేపలు, బేరిపండ్లు, ముల్లంగి పులుసు వడ్డించారు. అన్నంలో చెంచా గుచ్చి, అందరూ బయటికొచ్చి తలుపు మూశారు. పోయినవాళ్లు నలుగురి ముందు తినరు. తొమ్మిది ముద్దలు తినేంతసేపు ఆగి, కొడుకు మూడుసార్లు దగ్గాకే తలుపు తియ్యాలి.

తొమ్మిది ముద్దల సేపు దాటింది. గ్యూహో దగ్గలేదు. వాకిట్లో ముసలివాళ్లు కాళ్లు మార్చి మార్చి నిలబడ్డారు.

"దగ్గవేంరా? అందరూ ఆకలి మీదున్నారు," అంది పిన్ని.

"ఉండు పిన్నీ. ఐదు నెలల ఆకలి. తొమ్మిది ముద్దలకు తీరుద్దా?"

గ్యూహో మూసిన తలుపుకు మొహం ఆనించాడు.

"తిన్నావా అమ్మా?" అని మెల్లగా అడిగాడు. ఈసారి జవాబు కోసం నిలబడ్డాడు.