దస్తగిరమ్మ టీచరమ్మ చదివించిన రాయి

అది పొరపాటు కాదు. సంతాపసభలో మైకు పట్టుకున్న ప్రతి పెద్దమనిషీ "దస్తగిరమ్మ టీచరమ్మ సాత్వికురాలు, పాపం తెలియక ఒక్కసారి పొరపడింది" అన్నాడు. మొన్న శుక్రవారం పొద్దున కర్నూలు ఆసుపత్రిలో ఆమె గుండె ఆగిపోయిందన్న వార్త విన్నప్పటి నుంచి నా నోట మాట లేదు. లేకుంటే ఆ సభలోనే లేచి కాదనేదాన్ని. ఇప్పుడు నోరు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఆమె సాత్వికురాలు కాదు. పొరపడనూ లేదు.

కోడుమూరు అవతల మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఏళ్ల తరబడి ఆమె పక్క గదిలో పాఠం చెప్పినదాన్ని నేను. పిల్లల పఠనం పాఠ్యపుస్తకానికే పరిమితం కావడం ఆమె దృష్టిలో అక్షరాలా అపచారం. "సంగటి మింగేదే గానీ నమిలేది కాదు. దినామూ సంగటే పెడితే పిల్లోళ్లకు నమిలేది ఎట్ల వస్తాది?" అనేది. అందుకే ఏటా బడి తెరవగానే రూళ్ల నోటుపుస్తకంలో వారానికొక రకం చదువు రాసి పెట్టుకునేది. ఒక వారం కథ, ఒక వారం పాట, ఆపై విత్తనాల సంచి, పెండ్లిపత్రిక, ఉరుసు కరపత్రం, మాత్రల అట్ట, బస్సు బోర్డు. ఒకదాని పోలిక ఇంకొకదానికి ఉండకూడదు. తెచ్చినవన్నీ గదిలో తాడు కట్టి, బట్టలు ఆరేసినట్టు వేలాడదీసేది.

ఆమె సాత్వికత ఏపాటిదో పురుగుమందు డబ్బా వారంలో చూశాను. నాలుగో తరగతి మహేశ్వరి డబ్బా మీది హెచ్చరిక కూడబలుక్కుని చదివి, ఇంటికి పోయి, అటువంటి డబ్బాలోనే పట్టి పెట్టిన తాగునీళ్లను వాకిట్లో పారబోసింది. తండ్రి కొట్టిన దెబ్బకు ఆ పిల్ల చెవిలోంచి నెత్తురు కారింది. మరునాడు ఆ చెవిని చూసిన దస్తగిరమ్మ హాజరు కూడా వేయకుండా వాళ్లింటికి నడిచింది. వెనకే నేనూ పరుగెత్తాను. వాకిట్లో పడి ఉన్న ఆ డబ్బానే ఎత్తి తండ్రి మూతి మీద మోదింది. "నీ పానం కాపాడిన బిడ్డరా అది. ఇంగొకసారి చెయ్యి లేపు, చూస్తా" అంది. పెదవి పగిలి నెత్తురు అతని గడ్డం మీదికి కారింది. ఆడమనిషి చేత తన్నులు తిన్నానని ఎవరితో చెప్పుకుంటాడు?

ఆ మరుసటి ఏడు మహేశ్వరి తరగతి చదువు పథకంలో ఐదో వారం ఎదుట దస్తగిరమ్మ "రాయి" అని రాసింది. బస్సులు ఆగే చోట ఉన్న శిలాఫలకం అది. పాత కక్షల్లో నరికేసిన మనిషి పేరు, దాని కింద "ప్రత్యర్థుల చేత దారుణంగా హతుడైనాడు" అన్న వాక్యం. నరికించింది మహేశ్వరి తాతేనని ఊరందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. పసిపిల్లలకు నెత్తురెందుకక్కా అని నేను గట్టిగానే పోట్లాడాను.

"ఆ రాయికి ఆనుకోనే గదమ్మే వాళ్లు బస్సుకు కాచుకోనుండేది. కండ్ల ముందర ఉండేదాన్ని చదవద్దంటే ఇంగ బడి ఎందుకు?" అంది.

పిల్లలు రాతి ముందు నిలబడి చదివారు. ప్రత్యర్థులంటే ఎవరని అడిగితే, మీ ఇండ్లల్లో అడగండి అని పంపింది. మహేశ్వరి నేరుగా పోయి, తండ్రి వింటుండగా తాతనే అడిగింది: "ఆ ప్రత్యర్థులు ఎవురు జేజినాయనా?"

మరునాడు మధ్యాహ్నం ఆ తండ్రి ఒక చేత కట్టె, ఒక చేత కొడవలితో బడిలోకి వచ్చాడు. తాడును తెగనరికాడు. కాగితాలను కాళ్లతో తొక్కాడు. పిల్లలు బల్లల కింద దూరారు. అడ్డం పోయిన దస్తగిరమ్మ కుడి మణికట్టు మీద కట్టె పడింది. ఎముక విరిగిన చప్పుడు పక్క గదిలో నాకు వినిపించింది. నేను వచ్చేసరికి ఆమె గంట కొట్టే ఇనుపకడ్డీ ఎడమచేత అందుకుని అతని మోకాలి చిప్ప పగలగొట్టింది. కూలబడినవాడి మీదికి వంగి, ఒగరుస్తూ, "కొట్టినావు గదా, ఇంగ ఈడనే కూచో. నీ బిడ్డ అడిగిండేదానికి బదులు చెప్పి పో" అంది.

అతను బదులు చెప్పలేదు. మొన్న సభలో కుంటుకుంటూ వచ్చి ఆమె పటానికి దండ మాత్రం వేశాడు. పొరపాటు అన్న మాట అందరికంటే ముందు అన్నదీ అతనే.

కానీ ఆ మాటను ఊరికి ఇచ్చింది అతను కాదు, నేను. రాయిని కావాలనే చదివించారా, పథకంలో ఉందా అని ఆ గొడవ మీద విచారణకు వచ్చిన అధికారి నన్ను అడిగాడు. ఉందంటే ఆమె ఉద్యోగం పోయేది. అప్పటికే నోటుపుస్తకంలో ఆ పుట చించి నా సంచిలో దాచాను. "లేదండీ. బస్సు బోర్డు చదివించడానికి తీసుకుపోయింది, పిల్లలు పొరపాటున రాయి చదివారు" అన్నాను. ఆమె ఉద్యోగం నిలిచింది. ఆ రాయి మాత్రం మళ్లీ ఏ తరగతి పథకంలోకీ ఎక్కలేదు. ఇక ఎక్కించే ధైర్యం ఉన్న మనిషి ఈ మండలంలో నాకు కనబడటం లేదు, అద్దంలో చూసుకున్నా సరే.

నేను ఆ అబద్ధం ఆడుతున్నప్పుడు, కట్టు కట్టిన చేతిని రొమ్ముకు ఆనించుకుని ఆమె నా పక్కనే నిలబడి ఉంది. పిల్లల నోటుపుస్తకంలో ఒక్క దీర్ఘం తప్పినా వదలని మనిషి ఆ పొద్దు తల వంచుకుంది. ఆ తర్వాత కూడా ఎన్నడూ నాతో ఆ ఊసెత్తలేదు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చిన ప్రశ్నను మింగుకుంటూ వచ్చాను. ఇప్పుడు అడుగుతున్నాను. అక్కా, ఆ పొద్దు నువ్వు ఎందుకు ఊరకుంటివి? నీ ఉద్యోగం కోసమా, అధికారి ముందర నన్ను అబద్ధాలకోరును చేయలేకనా?