గాలి మిషను, ముక్కుపుల్ల

మేము అమ్మను అవ్వ అనేవాళ్లం. అవ్వ గురక సంగతి మా వాడంతటికీ తెలుసు. డెబ్బైలలో, మేము చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు, ఎండాకాలం అందరం వాకిట్లో మంచాలు వేసుకుని పడుకునేవాళ్లం. తెల్లవారగానే పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి, "ఏమక్కా, రాత్రంత మోటరు నడిపినవ్, పొలం పారిందా?" అని నవ్వేది. అవ్వ కూడా నవ్వేది. గురక పెట్టేవాళ్లు కష్టం చేసేవాళ్లని, ఒళ్లెరగకుండా నిద్రపోతారని మా ఇంట్లో అనుకునేవాళ్లం. మెట్‌పల్లి దగ్గర మాకు పసుపు చేను ఉండేది. పసుపు తవ్వించడం, ఉడకబెట్టించడం, ఆరబోయించడం అన్నీ అవ్వ చేతుల మీదే నడిచేవి. అలాంటి మనిషికి గురక వస్తే ఎవరికీ వింత అనిపించలేదు.

తొంభైలు సగం దాటేసరికి ఆ నిద్ర పగటిపూట కూడా రావడం మొదలైంది. చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ ఏరుతూ తల వాల్చేసేది. పెళ్లిళ్లలో పీటల ముందే కూర్చుని కునికేది. పొయ్యి మీద పాలు మాడి వాసన కొట్టినా లేచేది కాదు. పొద్దున్నే తలనొప్పి. "వయసైంది బిడ్డా" అనేది. అప్పటికి నేను కరీంనగర్‌లో బడి పంతులమ్మను. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం ఆమె మంచం పక్కన కూర్చుని గమనించాను. గురక పెరిగి పెరిగి చప్పున ఆగిపోయింది. పొట్ట కదులుతోంది గానీ ముక్కులోంచి గాలి రావడం లేదు. నేను భయపడి భుజం మీద చెయ్యి వేసేలోపే, నీళ్లలో మునిగి తేలిన మనిషిలా ఊపిరి లాగి, మళ్లీ గురక మొదలుపెట్టింది. ఆమెకు మెలకువే రాలేదు.

హైదరాబాద్‌లో డాక్టరు పరీక్ష చేయించి, నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగుతోందని చెప్పాడు. రోజూ పడుకునేటప్పుడు ముక్కుకు మాస్కు పెట్టుకోవాలి. మిషను కొంచెం ఒత్తిడితో గాలి పంపుతుంటే ఆ దారి తెరుచుకుని ఉంటుంది. దాన్ని సీప్యాప్ అంటారన్నాడు. మా ఇంట్లో మాత్రం దాని పేరు గాలి మిషను.

అవ్వ దాని పైపును చేత్తో పట్టి చూసింది. "గిది మన బావి మోటరు పైపు లెక్కనే ఉన్నది. నీళ్లకు బదులు గాలి గుంజుతదా?"

"గుంజుడు కాదు, నూకుతది" అన్నాడు బాపు, మా నాన్న.

మొదటి రోజుల్లో ఆమె సంబరం చూడాల్సిందే. పొద్దున్నే లేచి, "ఇన్నేండ్ల సంది ఎవలో నా తల మీద బండ పెట్టినట్టుండె. గిప్పుడు దించిండ్రు" అని పక్కింటామెకు కూడా చెప్పింది. నేను నిశ్చింతగా కరీంనగర్ వెళ్లిపోయాను.

ఎండాకాలం సెలవులకు వచ్చేసరికి మిషను అలమారలోకి ఎక్కి ఉంది. అవ్వ ముక్కు దూలం మీద చర్మం లేచిపోయి పచ్చిపుండు పడింది. ఎడమ వైపు ముక్కుపుల్ల చుట్టూ కమిలి వాచింది. దాని మీద నూనెలో కలిపిన పసుపు దట్టంగా పూసి ఉంది. మాస్కు తీసి చూస్తే అదీ పసుపుపచ్చగా, జిడ్డుగా ఉంది.

"పెట్టుకుంటలేవా?" అని అడిగాను.

"ఎట్ల పెట్టుకోవాలె? పెడితె పుండు మీద కారం సల్లినట్టైతది. పెట్టకుంటె నిద్రొస్తది. నిద్రే నయం."

అరుగు మీది నుంచి బాపు అందుకున్నాడు. "అసలు సంగతి చెప్పు. గడ్డిమోపు కట్టినట్టు గా పట్టీలు బిగిస్తది. జర వదులు చెయ్యవే అంటె ఇనదు."

"వదులు చేస్తె గాలి కండ్లల్లకు కొడుతది. నీకేం తెలుసు? నువ్వు పెట్టుకున్నవా?"

ఆ వారంలోనే స్కూటర్ మీద ఒక సంగతి జరిగింది. ఇద్దరూ చేను నుంచి వస్తున్నారు. బాపు బండి నడుపుతున్నాడు, అవ్వ వెనుక కూర్చుంది. ఊరు దగ్గర పడుతుండగా ఆమె తల ఆయన వీపుకు తగిలింది. ఏదో మాట చెప్పడానికి వంగిందనుకున్నాడు. అంతలోనే ఆయన నడుము పట్టుకున్న చెయ్యి వదులైంది. బండి ఒక పక్కకు లాగింది. బాపు ఒక చెయ్యి వెనక్కి వేసి చీర కొంగు, జబ్బ ఏది అందితే అది పట్టుకుని, బండిని రోడ్డు పక్క మట్టిలోకి దింపి ఆపాడు. ఇద్దరూ పడలేదు. అవ్వ మోకాలు మాత్రం గీరుకుపోయింది. ఇంటికి వచ్చాక బాపు చాలాసేపు నీళ్లు తాగుతూ కూర్చున్నాడు. అవ్వ మోకాలు కడుక్కుంటూ, "కన్ను మూసిన సంగతే నాకు ఎరుక లేదు" అంది. ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను.

ఎస్టీడీ బూత్‌కు వెళ్లి హైదరాబాద్ డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన కోప్పడలేదు. పుండు మానేదాకా దాని మీద నేరుగా ఒత్తిడి పడకుండా పలుచని ప్లాస్టరు వేయమన్నాడు. నూనె రాయొద్దు, నూనె ఉంటే మాస్కు జారుతుంది, జారితే మళ్లీ బిగించాలనిపిస్తుంది అన్నాడు. అన్నిటికంటే ముందు గాలి ఎక్కడ పోతోందో వెతకమన్నాడు. కూర్చోబెట్టి కాదు, పడుకోబెట్టి, మిషను నడుస్తుండగా చూడమన్నాడు. కూర్చున్నప్పటి ముఖం వేరు, పడుకున్నప్పుడు బుగ్గలు జారి ముఖం వేరవుతుందట.

ఆ మధ్యాహ్నమే అవ్వను సబ్బుతో ముఖం కడుక్కోమని చెప్పి, మాస్కును కూడా సబ్బు నీళ్లతో జిడ్డు పోయేదాకా కడిగాను. ఆమెను పడుకోబెట్టి, పట్టీలు వదులుగా పెట్టి, మిషను వేశాను. తడి చేత్తో మాస్కు అంచు వెంట నెమ్మదిగా తడిమాను. నుదుటి వైపు ఏమీ లేదు. కుడి బుగ్గ దగ్గర లేదు. ఎడమ వైపు ముక్కుపుల్ల దగ్గరికి వచ్చేసరికి వేళ్లకు చల్లగా గాలి తగిలింది. పుల్ల పువ్వు మాస్కు అంచును ఎత్తి పట్టింది. ఆ సందులోంచి గాలి నేరుగా కంట్లోకి పోతోంది. ఆ గాలిని ఆపడానికే ఆమె పట్టీలు లాగేది. లాగినదంతా దూలం మీద పడి అక్కడ పుండైంది.

మిషను ఆపి చెప్పాను. "అవ్వా, ముక్కుపుల్ల తియ్యాలె."

ఆమె లేచి కూర్చుంది. "తియ్యనంటె తియ్య."

"పడుకునేటప్పుడే."

"నా లగ్గం నాడు మా అవ్వ పెట్టిచ్చింది. గప్పటి సంది తియ్యలే. మీ బాపు ఉండంగ బోడి ముక్కుతోని నేనెట్ల పండుకుంట?"

"నిద్రల ఎవలు సూస్తరు?"

"నాకు తెల్వదా? నాకు తెలుసు గదా!" అంది.

బాపు లోపలికి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. "ఏమే, నువ్వు పుల్ల తీస్తె నాకేం గాదు. ఊపిరి తియ్యకుంటెనే నాకు పరేషాన్. మొన్న బండి మీద నువ్వు జారుతుంటె నా పానం పోయింది. నా మంచికే గదా గది పెట్టుకున్నవ్? నేనే చెప్తున్న, తియ్యి."

అవ్వ వంటింట్లోకి వెళ్లిపోయింది. మరుసటి రోజు పొద్దున స్నానం చేసి, తల తుడుచుకుంటూ వచ్చి, "అవుసులాయన దుకాణం ఎప్పుడు తీస్తడు?" అని అడిగింది.

ముగ్గురం కంసాలి దుకాణానికి వెళ్లాం. పుల్ల మర బిగుసుకుపోయి ఉంది. అవుసులాయన సబ్బు నీళ్ల చుక్కలు వేసి, చిన్న పట్టకారుతో కొంచెం కొంచెం తిప్పాడు. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. బాపు దుకాణం గడపలో రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. పుల్ల బయటికి రాగానే అవ్వ కళ్లు తెరిచి ముందు అటే చూసింది.

బాపు వెనక్కి తిరిగి, "ఉన్న, ఉన్న. యాడికి పోలే" అన్నాడు.

అవుసులాయన పగలబడి నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది, కళ్లలో నీళ్లతోనే. మర లేకుండా, చేత్తో పెట్టుకుని చేత్తో తీసుకునే సన్నని పుల్ల చేసివ్వమని అక్కడే చెప్పింది. తన పాత పుల్లను కొంగు చివర ముడి వేసుకుంది.

కొత్త పుల్ల వచ్చేదాకా రంధ్రం మూసుకుపోకుండా పగలు వేప ఈనె పెట్టుకుంది. పుండు మానేదాకా ప్లాస్టరు వేశాం. ప్లాస్టరు ఎక్కువ రోజులు వేస్తే చర్మం నానిపోతుందని, తగ్గగానే మానేశాం. ముఖం కడిగి, పొడిగా తుడుచుకుని, పడుకుని, మిషను వేశాకే పట్టీలు సర్దుకోవడం అవ్వకు అలవాటైంది. పట్టీ కింద వేలు దూరకపోతే బిగువు ఎక్కువైందని ఆమే కనిపెట్టింది. మాస్కును పొద్దున్నే కడిగి నీడలో ఆరేసేది. ఒకసారి మరిచిపోయి ఎండలో వేస్తే, అంచు గట్టిపడి మళ్లీ ముక్కు ఎర్రబడిందట. ఆ అంచు మార్చుకోవడానికి బాపు హైదరాబాద్ వెళ్లి వచ్చాడు. కరెంటు పోయిన రోజుల్లో మాత్రం ఏమీ చెయ్యలేకపోయేవాళ్లం. మిషను ఆగిపోతే అవ్వ మాస్కు తీసి పక్కన పెట్టి విసనకర్ర అందుకునేది.

దూలం మీద చిన్న నల్లమచ్చ మిగిలింది. పగటి కునుకులు పోయాయి. పసుపు ఉడికేటప్పుడు మళ్లీ పొయ్యిల దగ్గర తిరుగుతూ కూలివాళ్ల మీద అరవసాగింది.

ఆ తర్వాత కొంతకాలానికి మా వెనుక వాడలోని ఒకామె ఇంటికి వచ్చింది. వాళ్ల నాయన బెల్లంపల్లి బొగ్గు బాయిలో పనిచేసి రిటైరై, మెట్‌పల్లిలో ఆమె దగ్గరే ఉంటున్నాడు. ఆయనకూ అదే మిషను రాశారు, ఆయనకూ ముక్కు మీద పుండు పడింది. "చిన్నమ్మా, జర వచ్చి సూస్తవా?" అని అవ్వను అడిగింది. నేనూ అవ్వతో వెళ్లాను.

అవ్వ ఆ పెద్దాయనను మంచం మీద పడుకోబెట్టింది. పట్టీలు వదులు చేసింది. మిషను వేయించి, చెయ్యి తడిపి మాస్కు చుట్టూ తడిమి చూసింది. పై పెదవి దగ్గర ఆగింది. ఆయనకు గుబురు మీసం.

"అన్నా, మీసం తియ్యాలె."

ఆయన మాస్కు ఊడబెరికి లేచి కూర్చున్నాడు. "మీసమా? బాయిల దిగిన నాటి సంది ఉన్నది గీ మీసం. నా వల్ల గాదు."

అవ్వ తన ముక్కుపుల్లను చేత్తో తీసి ఆయనకు చూపించింది. "గిదైతె నా లగ్గం నాటి సంది ఉండె" అంది.

ఆయన రెండు మూడు రోజుల తర్వాత బజారులో కనిపించాడు. మీసం పూర్తిగా తీయలేదు. మాస్కు అంచు ఆనేంత మేర మాత్రం మంగలి చేత కత్తిరింపించుకున్నాడు. ముక్కు ఎట్లుందని అవ్వ అడిగితే, "మంచిగైతున్నదమ్మా" అని, నోటికి తువాల అడ్డం పెట్టుకున్నాడు.