బీరువాకి వేడి చేసింది

మా అమ్మ తన కాళ్లవి తీసి నాకు పెట్టిన వెండి పట్టీలతో ముక్తేశ్వరం కాపురానికి వచ్చాను. వారం తిరక్కుండానే అవి మా అత్తగారి బీరువాలోకి చేరాయి. "రోజూ పెట్టుకుంటే అరిగిపోతాయమ్మా. మీ అమ్మ గుర్తు కదా, భద్రంగా ఉండనీ" అన్నారావిడ. అంత ఆప్యాయంగా అన్న మాటని కాదనడం అప్పట్లో నాకు చేతకాలేదు. తాళంచెవి ఆవిడ బొడ్లో ఉండేది.

ఏడాదికోసారి, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ముందు, బీరువా తలుపు తెరుచుకునేది. అమ్మవారి వెండి ముఖం, కుంకుమభరిణెలు, హారతి పళ్లెం, అన్నిటికీ అడుగున నా పట్టీలు బయటికొచ్చేవి. అన్నీ నల్లగా ఉండేవి. మనిషి ఒంటిమీద వెండి నల్లబడితే వేడి చేసిందని, కొబ్బరిబొండం తాగమని మా వైపు అంటారు. ఒంటికి తగలని పట్టీలు నల్లబడ్డాయంటే బీరువాకి వేడి చేసిందనుకోవాలి. దానికీ రెండు బొండాలు కొట్టించమని మా ఆయనతో అన్నాను. ఆయన నవ్వారు. వాళ్లమ్మ వినలేదని నిర్ధారించుకుని మరీ నవ్వారు.

మా అత్తగారిది విభూతి వైద్యం. మామగారు శివాలయంలో అర్చకులు, ఇంట్లో విభూతికి కరువు లేదు. ఆవిడ పీట వేసుకుని కూర్చుని, తడిగుడ్డకి విభూతి అద్ది, పట్టీలమీద పగబట్టినట్టు రుద్దేవారు. మెరిసేవి, నిజమే. కాని మా అమ్మ ఒళ్లో పడుకుని చిన్నప్పుడు నేను వేలితో తడుముకున్న మామిడిపిందెల నగిషీ ఏటికేడు చదునైపోతోంది. నడిస్తే అరుగుతాయని దాచినవాటిని తోమి తోమి అరగదీస్తున్నారు. కంచే చేను మేస్తుంటే ఎవరితో చెప్పుకోను? నాకు ఏడుపొచ్చేది. ఆ పిందెలు పూర్తిగా పోకముందే అవి నా కాళ్లకి ఉండాలని ఆశ. అడిగితే, "ఆయ్, అలాగేనమ్మా, పండక్కి చూద్దాం" అనేవారు. పండగ వచ్చేది, పట్టీలు వచ్చేవి కావు.

కిందటేడు శ్రావణానికి అమలాపురం నుంచి మా ఆడపడుచు వచ్చారు. స్కూల్లో సైన్సు చెప్తారు. ఫోన్లో వీడియోలు చూసి ఇంట్లో ఇంకా ఎక్కువ సైన్సు చెప్తారు. గిన్నెలో చపాతీలు చుట్టే ఫాయిల్ కాగితం పరిచి, వంటసోడా వేసి, సలసల మరిగే నీళ్లు పోస్తే వెండి దానంతటదే తెల్లబడుతుందట.

"అమ్మా, నీ విభూతి ఇంక పక్కన పెట్టు. ముందు మా మరదలి పట్టీలు వేసి చూద్దాం" అన్నారు.

ప్రయోగానికి ఎప్పుడూ ఎదుటివాళ్ల వస్తువే అనువుగా ఉంటుంది. అమ్మవారి ముఖం జోలికి మాత్రం ఆవిడ వెళ్లలేదు.

నలుపు పోయింది. దాంతోపాటు గిన్నెలోంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన లేచింది. కోడిగుడ్డు గడప తొక్కని ఇల్లు మాది. పూజగదిలో జపం చేసుకుంటున్న మామగారు మధ్యలో లేచి వచ్చేశారు.

"ఏమే, గుడ్లెవరు ఉడకేసేరు?" అన్నారు అత్తగారితో.

పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టని మనిషికి ఆ వాసన ఎలా తెలిసిందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆడపడుచు సైన్సు వివరించబోయారు గాని గంధకం దగ్గరే ఆగిపోయారు.

అత్తగారు ఇల్లంతా పసుపునీళ్లు చల్లారు. ఆనక నా పట్టీల వంక చూసి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"అవి మైలపడిపోయేయమ్మా. అమ్మవారి వెండితో కలిపి పెట్టకూడదు. నీ దగ్గరే ఉంచుకో."

అంత ఆచారం ఉన్న ఇంట్లో మైలపడ్డ వస్తువుకి నా కాళ్లకంటే తగిన చోటేముంది? అక్కడే కూలబడి పెట్టేసుకున్నాను. ఆడపడుచు సైన్సుకి ఆ రోజు మనసులోనే దణ్ణం పెట్టాను.

ఈ శ్రావణానికి బీరువా మళ్లీ తెరిచారు. అమ్మవారి ముఖంతో సహా అన్నీ షరా మామూలుగా నల్లబడి ఉన్నాయి. అత్తగారు గుడ్డకి విభూతి అద్దుతూ నా కాళ్ల వంక చూశారు. పట్టీలు తెల్లగా ఉన్నాయి. మిగిలిన పిందెలు మిగిలినట్టే ఉన్నాయి.

"దేంతో తోమేవమ్మా?" అని అడిగారు.

"తోమలేదండీ అత్తయ్యగారూ" అన్నాను. "నడిచేను."